ప్రభుత్వం మారితే పని ఆగిపోయే రోజులు పోవాలి

ఆంధ్రప్రదేశ్ ఓటర్లారా, శాసనసభ్యులారా!

విజయవాడ పరిసరాల్లో రాజధాని అని 2014 సెప్టెంబరు 4న శాసనసభలో ప్రకటించినప్పుడు ప్రతిపక్షం కూడా ఆ చోటును స్వాగతించింది. ఆ మాట నమ్మి రైతులు 30 వేల ఎకరాలకు పైగా భూమిని సమీకరణకు ఇచ్చారు. మెట్టకు ఎకరానికి ఏడాదికి 30 వేల రూపాయల కౌలు, నీటి వసతి ఉన్న జరీబు భూమికి 50 వేలు, అభివృద్ధి చేసిన ప్లాట్లు: ఇదీ ఒప్పందం. ప్రభుత్వం మారాక, 2019 డిసెంబరులో అదే సభలో మూడు రాజధానుల మాట వినిపించింది. సచివాలయ టవర్లు పునాదుల దగ్గరే ఆగిపోయి, ఏళ్ల తరబడి నీళ్లలో నానాయి. ఆ పునాదులు పనికొస్తాయో లేదో తేల్చడానికి 2024లో ఐఐటీ నిపుణులను పిలిపించాల్సి వచ్చింది. 2019లో రాజధానికి ప్రపంచబ్యాంకు 30 కోట్ల డాలర్ల రుణ ప్రతిపాదన రద్దయింది. 2024 డిసెంబరులో అదే బ్యాంకు 80 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. మధ్యలో ఐదేళ్లు పోయాయి; వాటి వెల ఎంతో మనకు తెలియాలి.

ఇది ఒక్క పార్టీ తప్పు కాదు. 2018లో తెరిచిన అన్న క్యాంటీన్లు 2019లో మూతపడి, 2024 ఆగస్టు 15 నుంచి మళ్లీ తెరుచుకున్నాయి. అయిదు రూపాయలకు కడుపు నింపుకునే హమాలీకి అన్నం పెట్టే చెయ్యి ఏ పార్టీదన్న పట్టింపు లేదు. 2021లో రోడ్డెక్కిన 9,260 ఇంటింటి రేషన్ బండ్లు 2024లో ప్రభుత్వం మారాక, 2025 జూన్ 1 నుంచి ఆగిపోయాయి. వాటిని నమ్ముకున్న కుటుంబాలు మళ్లీ బతుకుతెరువు వెతుక్కున్నాయి.

విధానం మార్చే హక్కు గెలిచిన పార్టీకి ఉంది. ఆ మార్పు వల్ల కలిగే నష్టాన్ని దాచిపెట్టే హక్కు మాత్రం లేదు.

అందుకే అన్ని పార్టీలూ కలిసి ఒక చట్టం తేవాలి. పెద్ద ప్రాజెక్టునో, లక్షల మందికి అందే పథకాన్నో ఆపాలంటే, అప్పటిదాకా అయిన ఖర్చు, ఆపితే కట్టాల్సిన పరిహారం, మిగిలే అప్పు ముందుగా సభ ముందు పెట్టాలి. ఆ లెక్క వేసేది మంత్రివర్గం కాకూడదు, స్వతంత్ర ఆర్థిక మండలి కావాలి. కేంద్రానికి అలాంటి మండలి ఉండాలని ఎన్.కె.సింగ్ కమిటీ 2017లోనే సిఫార్సు చేసింది. మన మండలి సభ్యులను పాలక, ప్రతిపక్ష నాయకులిద్దరూ కలిసి ఎంపిక చేయాలి.

రేపటి సభ ఈ చట్టాన్నే రద్దు చేయదా? చేయవచ్చు. కానీ అందరి కళ్లెదుట లేచి, కారణం చెప్పి రద్దు చేయాలి. రాత్రికి రాత్రి జీవో ఇచ్చి చేతులు దులుపుకోవడం కుదరదు.

మన పార్టీలు రాజీపడవన్న మాట నిజం కాదు. జీఎస్టీ మీద ఏళ్ల తరబడి కొట్లాడుకున్నాయి. రాష్ట్రాల ఆదాయం తగ్గితే అయిదేళ్లు పరిహారం ఇస్తామన్న హామీ, తయారీ రాష్ట్రాల కోసం పెట్టిన ఒక శాతం అదనపు పన్ను ఎత్తివేత కుదిరాక, 2016 ఆగస్టు 3న రాజ్యసభలో జీఎస్టీ రాజ్యాంగ సవరణకు వ్యతిరేకంగా ఒక్క ఓటూ పడలేదు. ఎవరికి ఏం నష్టమో బల్ల మీద పెట్టి మాట్లాడుకున్నాయి కాబట్టే అది సాధ్యమైంది.

మీ ఎమ్మెల్యే ఏ పార్టీవారైనా సరే, ఓడిన అభ్యర్థి ఎవరైనా సరే, ఇద్దరినీ అడగండి. ఈ చట్టానికి ఒప్పుకుంటామని వచ్చే ఎన్నికల మేనిఫెస్టోలో రాయించండి. రాయని పార్టీకి ఓటు వేయకండి.