అర్థం పక్క మాటలో ఉంది

2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడులను ఇంగ్లీషు మీడియంలోకి మారుస్తూ జీవో ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ వార్త విన్న కోనసీమ పిల్లవాడెవడూ కోర్టు ఆ కాగితాన్ని దొంగిలించిందని అనుకోలేదు. సంతలో పర్సు కొట్టేశారంటే మాత్రం దొంగతనమే అనుకుంటాడు. గాలివానకి ఇంటిమీద పడుతుందని కొబ్బరిచెట్టు కొట్టేశారంటే నరికారని, జాబితాలోంచి పేరు కొట్టేశారంటే తీసేశారని తెలుసుకుంటాడు. కొట్టేయడం ఒక్కటే. జీవో, పర్సు, చెట్టు, పేరు... పక్కనున్న మాటే అర్థాన్ని తేల్చింది. దీనికోసం వాడికి ఎవరూ పట్టిక రాసివ్వలేదు.

అదే పిల్లవాడు ఇంగ్లీషు తరగతిలో కూర్చోగానే మాత్రం పట్టిక చేతికొస్తుంది. పుట్ ఆన్ అంటే ధరించు, పుట్ అవుట్ అంటే ఆర్పు, బ్రింగ్ అప్ అంటే పెంచు, టర్న్ డౌన్ అంటే తిరస్కరించు. ఎడమపక్క ఇంగ్లీషు, కుడిపక్క ఒకే ఒక్క అర్థం. ఇలాంటి జంట క్రియలకు, అంటే ఫ్రేజల్ వెర్బులకు, తర్కం లేదు, బట్టీ పట్టాల్సిందే అని చెబుతారు. దాని వెంటే ఇంకో మాట కూడా అంటారు: తెలుగులో ఆలోచించేవాడికి ఇవి ఎప్పటికీ రావు, అందుకే ఇంగ్లీషు క్లాసులో తెలుగు వినపడకూడదు. ఈ రెండు నమ్మకాలూ తప్పు. మొదటిది ఇంగ్లీషు గురించే తప్పు చెబుతోంది. రెండోది పిల్లవాడి చేతిలో ఉన్న పనిముట్టును లాక్కుంటోంది.

పుట్ అవుట్‌నే చూడండి. దాని వెనక మంట వస్తే ఆర్పడం, చేయి వస్తే చాపడం, ప్రకటన వస్తే విడుదల చేయడం, చెత్తబుట్ట వస్తే బయట పెట్టడం. పట్టిక నేర్చిన పిల్లవాడు ప్రభుత్వం ఒక ప్రకటనను పుట్ అవుట్ చేసిందని చదివి, ఆర్పేసిందేమిటని అక్కడే ఆగిపోతాడు. బ్రింగ్ అప్ కూడా అంతే. పిల్లల్నయితే పెంచడం, సంగతినయితే ప్రస్తావించడం, తిన్న అన్నాన్నయితే కక్కడం. పట్టిక అబద్ధం చెప్పలేదు, సగం చెప్పి ఊరుకుంది. ఆ సగంతో వాక్యం చదవలేం.

ఇప్పుడు ‘ధరించు’ అని నేర్పిన పుట్ ఆన్ దగ్గరికి వద్దాం. చొక్కా పుట్ ఆన్ అంటే చొక్కా వేసుకోవడం. లైటు పుట్ ఆన్ అంటే లైటు వేయడం. పాట అయితే పాట వేయడం, బ్రేకు అయితే బ్రేకు వేయడం, నాటకం అయితే నాటకం వేయడం. ఇన్ని చోట్ల ఇంగ్లీషుకీ తెలుగుకీ దారి ఒకటే. పట్టికలోని ‘ధరించు’కి లొంగింది ఒక్క చొక్కాయే. మన ఇంటి మాట ‘వేయడం’ మిగతావాటికీ సరిపోయింది. దారులు విడిపోయే చోట్లూ ఉన్నాయి: బరువు పుట్ ఆన్ చేశాడంటే మనం ఒళ్ళు చేశాడంటాం, కెటిల్ అయితే పొయ్యి మీద పెట్టడం అంటాం. ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ విడిపోతాయో చూపించడమే అసలైన పాఠం.

1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువు ముందుమాటలో, విదేశీయుల్ని అన్నిటికంటే ఎక్కువగా ఇబ్బంది పెట్టేవి ఈ జంట క్రియలేననీ, ఇవి ఇంగ్లీషులో ఉన్నంత విరివిగా బహుశా మరే భాషలోనూ ఉండవనీ రాశాడు. ఆయన తెలుగు వినలేదు. వేసవిలో డెల్టా కాలువలు కట్టేశారంటే నీళ్ళు ఆపేశారని. గట్టు కట్టడం వేరు, శిస్తు కట్టడం వేరు, చీర కట్టడం వేరు, పాట కట్టడం వేరు. దొంగ పట్టుబడటం ఒకటి, విద్య పట్టుబడటం ఇంకొకటి, భీమవరం వైపు చేపల చెరువు పట్టుబడి మరొకటి. తెలుగు విన్న ఇంగ్లీషువాడు సి.పి. బ్రౌన్. కడపలో, మచిలీపట్నంలో, రాజమండ్రిలో ఉద్యోగాలు చేసి మన భాష నేర్చాడు. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన 1852లోనే ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు అచ్చయింది. అందులో ఇలాంటి క్రియల కింద ఒక్క అర్థం రాసి వదిలేయలేదు. ఏ మాటతో చేరితే ఏ అర్థమో ఉదాహరణలు గుచ్చి పెట్టాడు. పరాయి భాష నేర్చుకునేవాడికి కావలసింది అదేనని ఆయనకు అనుభవం చెప్పింది. నూట డెబ్భై ఏళ్ళ తరవాత మనం మన పిల్లలకి అంతకన్నా తక్కువ ఇస్తున్నాం.

తెలుగు వల్ల తప్పులొస్తాయి కదా అంటారు. వస్తాయి. ఫ్యాన్ వేయమని చెప్పాలనుకుని ‘పుట్ ద ఫ్యాన్’ అనే పిల్లలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. అయితే ఆ తప్పు తెలుగు వినిపించడం వల్ల రాలేదు. వేయడం ఎదురుగా పుట్ ఆన్‌ని నిలబెట్టి, ఈ ‘ఆన్’ లేకపోతే పని జరగదురా అని ఎవరూ చూపించకపోవడం వల్ల వచ్చింది. క్లాసులో తెలుగు నోరు మూసుకుంటుందేమో గానీ పిల్లవాడి తలలో మూసుకోదు. దాన్ని బోర్డు మీదికి తెస్తేనే దిద్దగలం.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. తెలుగులో పర్సు ముందొస్తుంది, కొట్టేయడం తరవాత వస్తుంది. క్రియ చెవిన పడేసరికి అర్థం సిద్ధంగా ఉంటుంది. ఇంగ్లీషులో క్రియ ముందు, నామం వెనక. పిల్లవాడు క్రియ దగ్గరే అర్థం తేల్చేసుకుని ముందుకు పోతాడు, పట్టిక కూడా అదే అలవాటు చేస్తుంది. నామం వచ్చేదాకా ఆగరా అని నేర్పితే సగం కష్టం తీరుతుంది.

బట్టీ అసలే వద్దని నేననను. పుట్ అప్ విత్ అంటే భరించడమని గుర్తుపెట్టుకోవాల్సిందే. పుట్ ఇట్ ఆన్ అని ‘ఇట్’ మధ్యలోకి రావడం తెలుగులో లేని పద్ధతి, దాన్ని అభ్యాసం చేయించాల్సిందే. పరీక్షలో ఒక్క మార్కు ప్రశ్నకి పట్టిక పనికొస్తుందంటే అదీ ఒప్పుకుంటాను. నేను అడిగేది బట్టీ పట్టే సరుకు మార్చమని. ‘పుట్ ఆన్, ధరించు’ బదులు పుట్ ఆన్ ద లైట్, పుట్ ఆన్ ద బ్రేక్స్ అని నామంతో కలిపి నేర్పండి. బోర్డు మీద ఒక్క క్రియ రాసి, దాని వెనక అయిదు నామాలు పెట్టి, ఒక్కోదాన్ని మీ ఇంట్లో ఏమంటారని పిల్లల్ని అడగండి. దీనికి కొత్త పుస్తకం అక్కర్లేదు, సుద్దముక్క చాలు.

హైకోర్టు కొట్టేసిందన్న మాటని రెప్పపాటులో గ్రహించిన పిల్లవాడు ఆ తెలివితోనే ఇంగ్లీషు తరగతికి వస్తాడు. చెప్పులతోపాటు దాన్నీ గుమ్మం బయట విడిచి రమ్మనకండి.