బాతు పిల్లల మచ్చిక – పెద్దలకో మాట, పిల్లలకో మాట

బంగారు గుడ్లు పెట్టే బాతు కథ తెలియని పిల్లలు మన తెలుగు బడిలో ఉండరు. అది దురాశ గురించిన కథ అని మనమంతా చెప్పుకుంటాం. తొందర గురించిన కథ కూడా అని మా అభిప్రాయం. రోజుకొక గుడ్డు ఇస్తున్న పక్షి దగ్గర అన్నీ ఈ పూటే కావాలనుకోబట్టే కదా ఆ రైతు కొంప మునిగింది! ఇవాళ ఇంటికి తెచ్చిన ప్రాణి ఇవాళే మన ఒళ్ళో కూర్చోవాలి, ఫోటోకి కదలకుండా నిలబడాలి అనుకోవడం కూడా అలాంటి తొందరే.

టాంపినీస్‌లో ఉంటూ బాతుల గురించి రాయడమేమిటని మీరు నవ్వుకోవచ్చు. నిజమే, హెచ్.డి.బి. ఫ్లాట్లలో కోళ్ళు, బాతులు పెంచడానికి వీల్లేదు. సొంత నేల ఉన్న ఇళ్ళవాళ్ళు మాత్రం బయటి పక్షులు తగలకుండా మూసిన గూట్లో గరిష్ఠంగా 10 వరకు పెంచుకోవచ్చు. మనలో అలాంటి ఇళ్ళు ఎన్ని ఉన్నాయో మీకూ తెలుసు, మాకూ తెలుసు!

అయితే నవంబరు మధ్యలో బడులకు సెలవులిచ్చాక మనలో సగం మంది ఒకరికొకరు కనిపించేది చాంగి విమానాశ్రయంలోనే. పిల్లలు వెళ్ళేది అమ్మమ్మగారి ఊరికో, నాన్నమ్మగారి ఊరికో. సింగపూరు నుంచి పిల్లలు వస్తున్నారు, సరదాగా ఉంటుందని పెద్దవాళ్ళు సంతలో నాలుగు బాతు పిల్లల్ని కొని ఉంచుతారు. కారు దిగీ దిగగానే మన పిల్లలు పరుగున పెరట్లోకి వెళతారు. బాతు పిల్లలు గోడ మూలకి పారిపోయి ఒకదాని మీద ఒకటి పడతాయి. ఆటబొమ్మల్లా చేతులు మారిన పిల్లలు మేత ముట్టక, నలిగిపోయి, వారం తిరక్కుండానే చచ్చిపోవడం ఊళ్ళల్లో చూస్తూనే ఉంటాం. ఇటు మన పిల్లలేమో, "వాటికి మేమంటే ఇష్టం లేదా?" అని మొహం చిన్నబుచ్చుకుంటారు.

ఇష్టం సంగతి తరవాత. ముందు వాటికి మనమెవరో తెలియదు. అది తెలిసేదాకా ఆగడం మన బాధ్యత.

భయం ఎందుకు?

బాతు కళ్ళు తలకి రెండు పక్కలా ఉంటాయి. తల తిప్పకుండానే దానికి దాదాపు చుట్టూ కనిపిస్తుంది. వేటాడే జంతువుల నుంచి తప్పించుకుని బతకడానికి ప్రకృతి ఇచ్చిన ఏర్పాటు అది. బాతు పిల్లకి ఆపద ఎక్కువగా పైనుంచే వస్తుంది. గద్ద పైనుంచే తన్నుకుపోతుంది, కాకీ పైనుంచే వాలుతుంది. మనం ప్రేమగా వంగి చాచిన చెయ్యి కూడా పైనుంచే వస్తుంది. గద్దకీ మనకీ తేడా దానికెలా తెలుస్తుంది పాపం?

ఇంకొక చిత్రమైన సంగతి. బాతులు సగం మెదడుతో నిద్రపోయి, సగం మెదడుతో మేలుకుని ఉండగలవు. 1999లో నీల్స్ రాటెన్‌బోర్గ్, ఆయనతోటి శాస్త్రజ్ఞులు ఈ విషయాన్ని 'నేచర్' పత్రికలో ప్రకటించారు. వరసగా పడుకున్న బాతుల్లో మధ్యనున్నవి ఎక్కువగా రెండు కళ్ళూ మూసుకుని నిద్రపోయాయి. రెండు చివర్లా ఉన్నవి మాత్రం ఒక కన్ను తెరిచి పడుకోవడం బాగా ఎక్కువ. తెరిచిన ఆ కన్ను కూడా వరసకి బయటివైపు చూస్తున్నదే! అంటే బాతుకి నిద్ర పట్టాలన్నా పక్కన తోడు ఉండాలి. అందుకే ఒక్క బాతు పిల్లని తెచ్చి పెంచడం తప్పని మా అభిప్రాయం. తెస్తే కనీసం రెండు తేవాలి, మూడైతే మరీ మంచిది. తోడు లేని పక్షికి మీరెంత సేవ చేసినా దాని బెదురు పోదు.

కొందరికి ఇంకో సందేహం రావచ్చు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ముందుగా చూసినవాళ్ళనే తల్లి అనుకుని వెంటపడుతుందంటారు కదా అని. నిజమే. కొన్రాడ్ లోరెంజ్ అనే ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు అడవి బాతులు, పెద్దబాతుల పిల్లల్లో ఈ గుణాన్ని శ్రద్ధగా పరిశీలించాడు. 1973లో నోబెల్ బహుమతి అందుకున్న ముగ్గురిలో ఆయనొకడు. కానీ ఆ ముద్ర పడేది పుట్టిన మొదటి ఒకటి రెండు రోజుల్లోనే. సంతలో కొన్న పిల్ల ఆ వయసు దాటి వచ్చి ఉంటుంది. దాని మనసులో మన ముద్ర ఉండదు. మన మీద నమ్మకం దానికి రోజురోజుకీ కొంచెం కొంచెంగా కలగవలసిందే.

మొదటి వారం ఏం చెయ్యాలి?

కిందటి డిసెంబరులో మేము గోదావరి ప్రాంతంలోని మా ఊరికి వెళ్ళినప్పుడు ఇంట్లో ఆరు బాతు పిల్లలు ఉన్నాయి. మా మామ్మగారు పిల్లలకి ఒకటే షరతు పెట్టారు. "మూడు రోజులు ముట్టుకోకండి. చూడండి, కూర్చోండి, అంతే." ఆవిడ చేసిన పనుల్లో పెద్ద రహస్యమేమీ లేదు. వాటిని ఇక్కడ వరసగా రాస్తున్నాం.

మొదటిది, చోటు. పెరటి మూల తడిక కట్టి, ఊక పరిచి, రాత్రికి తలుపు వేసేలా ఏర్పాటు చేశారు. ఊరకుక్కలు, పిల్లులు, ముంగిసలు తిరిగే చోట బాతుల్ని రాత్రి బయట వదలకూడదు. మొదటి కొద్దిరోజులు అక్కడే ఉంచితే అదే తమ ఇల్లని వాటికి తెలుస్తుంది. ఆ తరవాత వదిలినా పొద్దుగూకేసరికి తిరిగి రావడం అలవాటవుతుంది.

రెండోది, నీళ్ళు. బాతు మేత తింటూ మధ్యమధ్యలో నీళ్ళు తాగుతుంది, ముక్కు కడుక్కుంటుంది. ముక్కు రంధ్రాలు మునిగేంత లోతు గిన్నెలో ఉండాలి. బాతు కదా, ఈదుతుందిలే అని చిన్నపిల్లల్ని తొట్టిలో వెయ్యకండి. తల్లి దగ్గర పెరిగే పిల్లకి తల్లి ఈకల నూనె అంటి నీళ్ళు ఒంటికి పట్టవు. తల్లి లేని పిల్ల తడిసిపోయి, చలికి బిగుసుకుపోయి, మునిగిపోయే ప్రమాదం ఉంది. వెడల్పాటి పళ్ళెంలో కొంచెం నీళ్ళు పోసి, ఎక్కి నిలబడడానికి ఒక రాయి పెడితే చాలు.

మూడోది, మేత. నూకలు, తవుడు, తరిగిన ఆకుకూరలు, నత్తలు, వానపాములు వాటికి ఇష్టం. బ్రెడ్డు, బిస్కట్లు, చిప్సు వద్దు. నయాసిన్ అనే బి విటమిన్ కోడిపిల్లల కంటే బాతు పిల్లలకి ఎక్కువ కావాలి. అది చాలకపోతే కాళ్ళు బలహీనపడి వంకరపోతాయి. పిల్ల కుంటుతుంటే పశువుల డాక్టరుగారికి చూపించాలి.

నాలుగోది, మనం. మామ్మగారు రోజూ ఒకే వేళకి ముక్కాలిపీట వేసుకుని, తడికకి పక్కగా, వాటివైపు తేరిపార చూడకుండా కూర్చునేవారు. ఒకే గిన్నె, ఒకే పిలుపు. మేత మొదట దూరంగా, మర్నాడు కొంచెం దగ్గరగా, ఆ తరవాత పాదాల పక్కన. నాలుగో రోజున మా పిల్లలు కూడా ఆవిడ పక్కన నేల మీద కూర్చున్నారు. కూర్చున్న మనిషి ఎత్తు తగ్గుతాడు, ఉన్నట్టుండి పరుగెత్తలేడు. ఆ సంగతి బాతుకి అర్థమవుతుంది. ఎనిమిదో రోజు సాయంత్రం ఒక పిల్ల వచ్చి మా అమ్మాయి అరచేతిలోని నూకలు పొడిచింది. మిగతావి అది చూసి వచ్చాయి. ఒకటి మాత్రం మేము బయలుదేరేదాకా దగ్గరకి రాలేదు. దాని మీద ఎవరూ అలగలేదు!

ఎప్పుడైనా పట్టుకోక తప్పకపోతే వెంటపడి తరమకండి. చేతులు చాచి మెల్లగా ఒక మూలకి నడిపించి, రెక్కలు ఒంటికి ఆనించి, రెండు చేతులతో కింద ఆసరా ఇచ్చి ఎత్తాలి. కాళ్ళు పట్టి, మెడ పట్టి ఎత్తకూడదు. వాటి కాళ్ళు చాలా సున్నితం. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది. అలాంటి వార్త వింటే ఆ సెలవులకి బాతుల జోలికి వెళ్ళకపోవడమే క్షేమం.

కోతలయ్యాక డెల్టా పొలాల్లో బాతుల మందల్ని మీరు చూసే ఉంటారు. రాలిన గింజలు, నత్తలు, పురుగులు ఏరుకు తినే వందలాది బాతుల్ని ఒకరిద్దరు కాపరులు పొడుగాటి కర్రలతో నడిపించుకుపోతుంటారు. ఈసారి చూసినప్పుడు కాపరి నడక గమనించండి. మందలోకి దూరడు, పరుగెత్తడు. ఒక పక్కగా నిదానంగా నడుస్తాడు.

మచ్చిక అంటే ఏమిటి?

ఇక్కడే మాకు చాలామందితో పేచీ. బాతు మచ్చికైందంటే ఒళ్ళో కూర్చోవడం, ముద్దులు పెట్టించుకోవడం అనుకుంటారు. మచ్చికైన బాతు అసలు గుర్తు వేరు. మనం పక్కన ఉండగానే అది ముక్కుతో ఈకలు సవరించుకుంటుంది, తోక ఆడిస్తుంది, ఒక కాలు చాపుకుని పడుకుంటుంది. తన పని తాను చేసుకుపోతుంది. మెడ నిక్కబొడుచుకుని కదలకుండా నిలబడితే, నోరు తెరిచి రొప్పితే, అందరూ కలిసి మూలకి చేరితే అది భయం. కదలకుండా ఉంది కాబట్టి బుద్ధిగా ఉందనుకోవడం పొరపాటు. పిల్లలకి ఈ తేడా చూపించడం పెద్దల పని.

మా సాఫ్ట్‌వేర్ పనిలో ప్రతిదానికీ గడువు ఉంటుంది, రిలీజు తేదీ ఉంటుంది. బాతు పిల్లకి రిలీజు తేదీ లేదు. 'ఆలస్యం అమృతం విషం' అనే సామెత ఆఫీసులో పనికొస్తుంది. పెరట్లో 'నిదానమే ప్రధానం' పనికొస్తుంది.

టాంపినీస్‌కి తిరిగొచ్చాక

సెలవులయ్యాక పిల్లలు, "ఇక్కడ మనం ఏం పెంచుకోవచ్చు?" అని అడగడం సహజం. 2024 సెప్టెంబరు 1 నుంచి హెచ్.డి.బి. ఫ్లాట్లలో లైసెన్సు తీసుకుని రెండు పిల్లుల దాకా పెంచుకోవచ్చు. అంతకుముందు దానికి అనుమతి లేదు. మీరు పిల్లిని తెచ్చుకుంటే అది మొదటి రోజుల్లో మంచం కిందే ఉంటుంది. చీపురు పెట్టి బయటికి లాగకండి. ఒక గది ఇవ్వండి, తిండి, నీళ్ళు, ఇసుక పళ్ళెం పెట్టండి, నేల మీద కూర్చుని పుస్తకం చదువుకోండి. కుందేలుకైనా, చిలకకైనా ఇదే పద్ధతి.

పార్కులో మైనాలు, పావురాలు, పాసిర్ రిస్ వైపు తిరిగే అడవికోళ్ళ సంగతి వేరు. వాటిని మచ్చిక చేసుకోవాలని చూడకూడదు. 2020 నుంచి వన్యప్రాణులకి మేత వెయ్యడం ఇక్కడ చట్టరీత్యా నేరం. మొదటిసారికే 5,000 డాలర్ల దాకా జరిమానా పడవచ్చు. జరిమానా మాట అటుంచినా, మనుషులంటే ఆ మాత్రం జంకు ఉండడమే వాటికి రక్ష. జీవితాంతం సాకగలిగిన ప్రాణినే మచ్చిక చేసుకోవాలి. నాలుగు వారాలు ఆడుకుని విమానం ఎక్కేవాళ్ళం, మన వెనక వాటిని చూసుకునేది ఎవరో బాతు పిల్లల్ని కొనకముందే అమ్మమ్మగారితో మాట్లాడుకోవాలి.

మన తరగతిలో

చివరిగా మన తెలుగు బడి గురించి ఒక మాట. ఇక్కడి బడుల్లో మన పిల్లలు మాతృభాష పాఠంగా తమిళమో, హిందీయో చదువుతారు. బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూలకి కూడా ఆ అవకాశం ఉంది, తెలుగుకి లేదు. మన తెలుగుకి మార్కులు లేవు కాబట్టి బెదిరించి నేర్పడానికి మన దగ్గర ఆయుధమూ లేదు. అది ఒకందుకు మంచిదే.

ప్రతి జనవరిలో ఒకరిద్దరు కొత్త పిల్లలు వెనక బల్ల మీద కూర్చుని నెల రోజులదాకా నోరు విప్పరు. వీడియో కాల్‌లో తాతగారు కనబడగానే "ఏదీ, తెలుగులో ఒక పద్యం చెప్పు" అని మనం వాళ్ళని ముందుకి తోస్తాం. ఉచ్చారణ తప్పితే చుట్టాలందరూ ముద్దుగానే నవ్వుతారు. అది ముద్దు అని మనకి తెలుసు, ఆ బిడ్డకి తెలియదు. మర్నాటి నుంచి ఆ నోరు ఇంగ్లీషులోనే తెరుచుకుంటుంది.

మా వాలంటీర్లందరి తరఫునా తల్లిదండ్రులకి మా మనవి ఇది. రోజూ ఒకే వేళకి, పది నిమిషాలు, పిల్లల పక్కన కూర్చుని మీరే తెలుగులో మాట్లాడండి. జవాబు ఇంగ్లీషులో వచ్చినా ఫరవాలేదు, తప్పు దిద్దడానికి తొందరపడకండి. ఎనిమిదో రోజుకే మాట వస్తుందని మేము హామీ ఇవ్వలేం. ఒకరికి ఎనిమిది రోజులు, ఒకరికి ఎనిమిది నెలలు పట్టవచ్చు.

పిల్లలూ, మీకు కూడా ఒక పని. వచ్చే సెలవుల్లో ఊరెళ్ళాక బాతు పిల్లలు కనిపిస్తే మూడు రోజులు ముట్టుకోకుండా చూడండి. ఏది ముందు తింటుంది, ఏది ఒంటి కన్నుతో నిద్రపోతుంది, ఏది ఆఖరున వస్తుంది, అన్నీ ఒక నోటుపుస్తకంలో తెలుగులో రాయండి. జనవరిలో తరగతికి తెస్తే అందరం కలిసి చదువుకుందాం. మీకూ, మీ బాతులకీ సెలవులు హాయిగా గడవాలని కోరుకుంటున్నాం.