స్థలనిర్ణయముతో సరియా?

విశాఖతీరమున నూతన కర్మాగారములకు స్థలములు వెదకుచున్న యీ దినములలో పాలకులకును ప్రజలకును ఒక మాట జ్ఞప్తిచేయుట మా విధి. ముడిసరకెచ్చటిది, నీరెచ్చటిది, తయారైన సరకు ఏ త్రోవను పోవును, భూమినిచ్చిన వారి గతి యేమి? ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానము లభించిన పిమ్మటనే పునాదిరాయి వేయదగును.

విశాఖపట్టణపు యోగ్యత కొత్తగా నిరూపింపవలసినది కాదు. సింధియా నౌకాసంఘమువారు ఓడల నిర్మాణమునకు తొలుత కలకత్తాను తలచిరి. అచ్చట అనుకూలమగు షరతులపై భూమి దొరకకపోగా విశాఖకు వచ్చిరి. 1933లో తెరవబడిన రేవు, అలలనాపు డాల్ఫిన్ నోస్ కొండ, రైలుమార్గము వారికి తోడ్పడినవి. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాదుగారు శంకుస్థాపన గావించిరి. మరుసటి యేడు జపాను బాంబులు పడినను సంకల్పము చెడలేదు. 1948 మార్చి 14న పండిత నెహ్రూగారు ‘జల ఉష’ను జలప్రవేశము చేయించిరి.

ఉక్కు కర్మాగారముయొక్క కథ వేరు. నిపుణులు విశాఖయే తగిన చోటని చెప్పినను ప్రభుత్వము తాత్సారము చేసెను. 1966లో “విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు” అను ఘోష నాడంతట మ్రోగెను. ముప్పదిమందికి పైగా ప్రాణములు గోల్పోయిరి. 1970 ఏప్రిల్ 17న శ్రీమతి ఇందిరాగాంధి పార్లమెంటులో కర్మాగారమును ప్రకటించిరి. 1992లో అది జాతికి అంకితమయ్యెను.

స్థలము దొరకినది, గని దొరకలేదు! బైలదిల్లా ఇనుపరాయి కొత్తవలస మార్గమున దిగివచ్చి, ఈ రేవుననే ఓడలెక్కి జపానునకు తరలినది. ఆ రేవు చెంతనే వెలసిన కర్మాగారము మాత్రము సొంత ఇనుపగని లేక రాతిని వెలకు కొనవలసివచ్చెను. టాటావారికి గనులు గలవు, భిలాయికి గలవు, విశాఖకేల లేవు? నష్టములకు అప్పుల వడ్డియు, నిర్వహణ లోపములును కారణములని చెప్పువారు గలరు. అందు కొంత నిజము లేకపోలేదు. కాని పొరుగువాని బావినీటితో సేద్యము చేయు రైతును పంట తగ్గెనని నిందించుట న్యాయమా?

2021 జనవరిలో కేంద్రము తన వాటానంతయు విక్రయింప నిశ్చయించెను. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల సాయమును మంజూరు చేసెను. సాయము ఊరటయే, గని మాత్రము కాదు. భూములు వదలిన కుటుంబములలో ఉద్యోగమునకై ఎదురుచూచువారు నేటికిని గలరు.

కావున నూతన కర్మాగారములకు అనుమతి నిచ్చుటకు ముందే ముడిసరకు ఒడంబడికయు, నిర్వాసితుల పత్రమును ప్రజల యెదుట నుంచవలెను. ఉన్న ఉక్కు కర్మాగారమునకు గని నొసంగి ఆ కార్యమునకు శ్రీకారము చుట్టుదురుగాక! స్థలము మన భాగ్యముచే దొరకినది. తక్కినది పాలకుల బాధ్యత. దానిని అడిగి సాధించుట మన బాధ్యత.