నీరు, పోటు చూసుకోనిదే భీమిలి నడక వద్దు

భీమునిపట్నం (గ్రామీణ విలేకరి): విశాఖ నుంచి భీమిలి దాకా సముద్రపు అంచునే రెండు మూడు రోజులు కాలినడకన వెళ్లాలని సరదా పడే కుర్రకారు పట్నంలో తక్కువేమీ లేరు. రోడ్డున దూరం పాతిక కిలోమీటర్లే. దీనికి ముందస్తు ఆలోచన ఎందుకని బయలుదేరినవారు కొండ నీటిలోకి చొచ్చుకువచ్చిన చోట ఆగిపోక తప్పదు. ఈ దారిలో మజిలీలను నిర్ణయించేది దూరం కాదు, మంచినీరు, సముద్రపు పోటు.

కైలాసగిరి మొదలు భీమిలి పావురాలకొండ వరకు తూర్పు కనుమల కొసలు సముద్రం పక్కనే నిలబడి ఉన్నాయి. కొంతమేర ఇసుక, కొంతమేర రాతి బండలు. మన తీరాన అమావాస్య, పౌర్ణమి రోజుల్లో సైతం పోటుకు, పాటుకు తేడా సుమారు ఒకటిన్నర మీటరే. అయినా పాటు వేళ నడిచి వెళ్లిన బండల మీద పోటు వేళ కెరటాలు విరుచుకుపడతాయి. పోటు రోజుకు రెండుసార్లు వస్తుంది, ప్రతిరోజూ ముప్పావుగంటకు పైగా ఆలస్యమవుతుంది. నిన్నటి వేళ నేటికి పనికిరాదు. మంగమారిపేట దగ్గరి శిలాతోరణం వద్దకు వెళ్లాలన్నా పాటు వేళ చూసుకోవలసిందే. ఈ లెక్క కాగితం చూడకుండా చెప్పగలిగేది జాలరులే. వారిని అడిగి బయలుదేరేవారు ఎందరు?

మొదటి రాత్రి రుషికొండ, రెండవ రాత్రి మంగమారిపేట, మూడవ రోజు ఎర్రమట్టి దిబ్బల మీదుగా భీమిలి చేరడం అనువైన పద్ధతి. నౌకాదళ స్థలం అడ్డువచ్చిన చోట రోడ్డెక్కాలి.

ఇక నీటి సంగతి. ఉప్పుగాలిలో, ఎండలో నడిచే మనిషికి రోజుకు నాలుగు లీటర్లయినా కావాలి. మూడు రోజులకు పన్నెండు కిలోల బరువు. అంత ఎవరూ మోయరు, దారిలోని పేటల్లోనే నింపుకుంటారు. బిందె కోసం వరుసలో నిలబడే ఆడవాళ్ల మధ్య పదిమంది సీసాలతో చేరితే ఆ పూట ఎవరికి తక్కువవుతుందో చెప్పనక్కరలేదు. సుమారు 2,000 ఏళ్ల క్రితం తొట్లకొండ మీద నివసించిన బౌద్ధ భిక్షువులు రాతిలో తొట్లు తొలిచి నీరు నిలవ చేసుకున్నారు. కొండకు ఆ పేరు ఆ తొట్ల వల్లనే వచ్చింది. సముద్రం ఎదురుగా ఉన్నా తాగడానికి చుక్క ఉండదని వారికి తెలుసు.

ఎర్రమట్టి దిబ్బలను భారత భూగర్భ సర్వే సంస్థ 2014లో భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోనూ చేరాయి. అవి గట్టి రాయి కావు, వానకు కోతపడే ఎర్ర ఇసుక. అంచుల మీద నడిస్తే విరుగుతాయి, కింద పడుకుంటే ప్రాణాపాయం.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు నడకకు మంచి కాలం. అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకింది ఈ తీరాన్నే. జనవరి నుంచి రాత్రివేళ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తాయి గనుక ఇసుకలో మంటలు, టార్చిలైట్లు కూడదు.

పేట కుర్రాళ్లకు కూలి ఇచ్చి దారి చూపడానికి వెంట తీసుకోవచ్చుగదా అనే మాట ఉంది. మాట మంచిదే, చిక్కు కూడా ఉంది. మరబోట్లకు వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. పని లేక వారు ఖాళీగా ఉండే ఆ రోజుల్లో ఎండకు ఎవరూ నడవరు. నడిచే నెలల్లో వారు వేటలో ఉంటారు. అందువల్ల ఒక రోజు కూలి వేట మీద వచ్చే రాబడికి తగ్గకూడదు. ఒడ్డున అలివి వల లాగుతున్నప్పుడు తాళ్లు దాటకుండా ఆగడం కూడా నడిచేవారు నేర్చుకోవాలి.

ఎవరైనా కెరటంలో చిక్కుకుంటే పోలీసులు వచ్చేలోగా నీళ్లలోకి దూకేది ఆ పేటవాళ్లే. నడక దారికి బోర్డులు పెట్టే ముందు ప్రతి పేటలో ఒక పొడవాటి తాడు, రెండు గాలి ట్యూబులు ఉంచే ఖర్చు ఎవరు భరిస్తారో పర్యాటక శాఖ, పంచాయతీలు తేల్చాలి.