ఇంటికన్నా ముందు వీధి చూడండి

మావారు మళ్లీ ఆ మాటే ఎత్తారు. "ఇదే డబ్బుకి ఇంకాస్త అవతలికెళ్తే నాలుగు బెడ్‌రూముల కొత్త ఇల్లొస్తుంది కదా!" అని.

నిజమే. నేపర్‌విల్ డౌన్‌టౌన్‌కి దగ్గర్లో మాదొక పాత ఇల్లు. ఒకటే బాత్‌రూమ్. చుట్టాలొస్తే హాల్లో పరుపులు పరవాల్సిందే. అయినా నేను రానన్నాను.

షికాగోకి పడమరనున్న ఈ ఊరి నుంచి పొద్దున్నే ఎంతోమంది మెట్రా రైలెక్కి ఆఫీసులకి పోతారు. మావారూ అంతే. ఇక పగలంతా ఊళ్లో మిగిలేది మాలాంటివాళ్లం. అందుకే ఊరెలా ఉందన్నది ముందు మా సంగతి.

పెళ్లయిన కొత్తలో అద్దెకున్న చోట, పాలడబ్బాకి కూడా ఆయన వచ్చేదాకా ఆగాలి. అప్పట్లో నాకు డ్రైవింగ్ రాదు. ఆయన అలిసిపోయి ఇంటికొచ్చేసరికి నేను చెప్పులేసుకుని గుమ్మంలో ఉండేదాన్ని. మా గొడవల్లో సగం దానిమీదే.

ఇక్కడ నికోల్స్ లైబ్రరీకి నడిచే వెళ్తాను. డ్యూపేజ్ నది ఒడ్డునే రివర్‌వాక్. ఊరు పుట్టి 150 ఏళ్లయిన సందర్భంగా 1981లో ఊరివాళ్లే తలో చెయ్యి వేసి కట్టుకున్నారు. మొదటిసారి అద్దింటికి వచ్చినప్పుడు "జైల్లో ఉన్నట్టుందమ్మా" అన్న మా అత్తగారు, పోయిన వేసవిలో చీరమీద బూట్లేసుకుని రోజూ ఒక్కరే అక్కడికి వెళ్లొచ్చేవారు. ఇంగ్లీషు రాకపోయినా బెంచీమీద ఒకావిడతో స్నేహం కూడా చేశారు. వెళ్లేటప్పుడు ఒక్కసారి కూడా "ఎప్పుడు పంపిస్తారు?" అని అడగలేదు.

ఇబ్బందుల్లేవనను. డౌన్‌టౌన్ దగ్గర ఇళ్లు ఖరీదు. శనివారం సాయంత్రం కార్ల రద్దీ, రాత్రిళ్లు గూడ్సు బండ్ల చప్పుడు. జనవరి మంచులో నడక కష్టమే. కందిపప్పుకి ఇప్పటికీ కారు తియ్యాల్సిందే. డ్రైవింగ్ నేర్చుకున్నాను కాబట్టి సరిపోయింది. కానీ పిల్లలకీ, పెద్దవాళ్లకీ రాదుగా!

మనవాళ్లు ఇల్లు చూసేటప్పుడు చదరపుటడుగులు, స్కూలు రేటింగు, తూర్పు ముఖం అన్నీ అడుగుతారు. పగలు ఆ ఇంట్లో ఉండేవాళ్లు కాలినడకన ఎక్కడిదాకా వెళ్లగలరో ఎవరూ అడగరు. మీరు అడగండి. సంతకం పెట్టకముందే, ఒక మామూలు మంగళవారం మధ్యాహ్నం ఆ వీధిలో ఓ గంట నడిచి చూడండి.

మావారు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. రెండో బాత్‌రూమ్ కట్టించడానికి ఎంతవుతుందో మాత్రం కనుక్కుంటున్నారు.