జాజ్‌కి మడి కట్టేదెవరు?

ఐస్‌లాండ్ జనాభా నాలుగు లక్షలకు లోపు. అంటే దాదాపు మన బళ్ళారి ఊరంత దేశం. అక్కడ 1999లో పుట్టింది లేవేయ్. తండ్రిది ఐస్‌లాండ్, తల్లి చైనాకు చెందిన వయొలిన్ విద్వాంసురాలు. లేవేయ్ చిన్ననాడే పియానో, చెల్లో పట్టింది. పదిహేనేళ్ళకే ఐస్‌లాండ్ సింఫనీతో కలిసి చెల్లో సోలో వాయించింది. 2021లో బోస్టన్‌లోని బర్క్‌లీ సంగీత కళాశాల చదువు ముగించింది. ఆ ఏడే తొలి పాటల సంపుటి వచ్చింది. 2023 నాటి 'బివిచ్డ్' ఆల్బమ్‌కు 2024లో గ్రామీ వచ్చింది. అదీ జాజ్ విభాగంలో కాదు, సంప్రదాయ పాప్ గాత్రం విభాగంలో.

అయినా కాపలాదారులకు నిద్ర పట్టలేదు. 'ఇది జాజే కాదు' అంటూ తీర్పులు మొదలుపెట్టారు.

వారి మాటలో పస లేదని నేననను. జాజ్‌కి ప్రాణం ఆశువు. మన కచేరీల్లో మనోధర్మం అంటామే, దాదాపు అదే. లేవేయ్ పాటల్లో అది తక్కువ. బోసనోవా నడక, పాతకాలపు తీగవాద్యాల హంగు, ఈనాటి పిల్లల ప్రేమలూ దిగుళ్ళూ, ఇవీ ఆ పాటల సరుకు. జాజ్‌ని కన్నది అమెరికాలోని నల్లజాతి వారు. ఆ రుణం ఎవరు పాడినా ఒప్పుకోవలసిందే. ఎల్లా ఫిట్జెరాల్డ్ పాటలు వింటూ పెరిగానని ఈ అమ్మాయి చెబుతూనే ఉంది.

ఆ ఎల్లానే తీసుకోండి. 1956లో కోల్ పోర్టర్ పాటలను ఆవిడ చాలావరకు ఉన్న బాణీలోనే, సాదాగా పాడింది. ఆవిడను జాజ్ నుంచి వెలివేసే ధైర్యం ఎవరికుంది? నాట్ కింగ్ కోల్ గొప్ప జాజ్ పియానో వాద్యకారుడు. పాప్ పాటలవైపు మళ్ళగానే ఆయనా మాటలు పడ్డాడు. రవిశంకర్ కూతురు నోరా జోన్స్ 2003లో గ్రామీలు గెలిచినప్పుడు కూడా ఇదే గొణుగుడు. ప్రతి తరంలోనూ గుమ్మం దగ్గర ఒకరు కర్ర పట్టుకుని నిలబడే ఉంటారు.

2024లో లాస్ ఏంజిలిస్ ఫిల్హార్మోనిక్‌తో కలిసి లేవేయ్ హాలీవుడ్ బౌల్‌లో పాడింది. ఆమె పాట విన్న కుర్రకారులో పదిమందికి ఒక్కరు ఇంటికెళ్ళి ఎల్లా రికార్డు వెతుక్కున్నా జాజ్‌కి లాభమే. మడి కట్టుకు కూర్చున్నవారు ఎందరిని తెచ్చారు?

ఎక్కడో అమెరికా గొడవ మనకెందుకని అడుగుతారేమో. హోసూరులో, బరంపురంలో, షోలాపూరులో ఉన్న మనకు కాక ఇంకెవరికి? 'మీది తెలుగేనా?' అన్న మాట పడని ఇల్లు మనలో ఉందా? మన యాసలో తమిళం, కన్నడం, ఒడియా, మరాఠీ కలిశాయని నవ్వేవారికి, ఆ నవ్వు విన్న పిల్లవాడు మళ్ళీ తెలుగులో నోరు విప్పడని తెలియదా? పైగా మనలోనూ కొందరు పెద్దలు సొంత మనవల దగ్గరే ఆ కాపలా కాస్తున్నారు.

పాట బాగాలేకపోతే బాగాలేదనండి. శ్రుతి తప్పితే, మాట తప్పితే దిద్దండి. కానీ దిద్దాలంటే ముందు మనిషిని లోపలికి రానివ్వాలి కదా!