ఇరాన్‌కు వీసా అక్కర్లేదా? ఆ మాట ఇప్పుడు చెల్లదు

మొహర్రం పదో రోజున బీబీ కా ఆలం ఊరేగింపు మొదలయ్యేది పాతబస్తీలోని దబీర్‌పురా నుంచే. ఇక్కడా, దారుల్‌షిఫాలోనూ ఉండే షియా కుటుంబాల్లో చాలామందికి ఒక్కసారైనా మష్హద్, కర్బలా జియారత్ చేసుకోవాలన్నది కోరిక. అందుకోసం డబ్బు కూడబెట్టుకుంటారు. టికెట్ కొనే ముందు వాళ్లు తెలుసుకోవాల్సిన మార్పు ఒకటుంది.

ఏం మారింది?

2024 ఫిబ్రవరి 4 నుంచి ఇరాన్ భారతీయులకు వీసా మినహాయింపు ఇచ్చింది. పర్యటన కోసం, విమానంలో వచ్చేవారికే ఇది వర్తించేది. ఆరు నెలలకు ఒకసారి, గరిష్ఠంగా 15 రోజులు ఉండొచ్చు. గడువు పొడిగించరు. సాధారణ పాస్‌పోర్టు ఉన్నవారికి ఈ వెసులుబాటును 2025 నవంబర్ 22 నుంచి ఇరాన్ నిలిపేసింది. ఇప్పుడు ఆ దేశంలో అడుగుపెట్టాలన్నా, ఆ దేశం మీదుగా మరో దేశానికి వెళ్లాలన్నా వీసా ఉండాల్సిందే.

ఎందుకు ఆపేశారు?

దీనికి కారణం యాత్రికులు కాదు, మోసగాళ్లు. ఉద్యోగం ఇప్పిస్తామని, వేరే దేశానికి పంపిస్తామని నమ్మించి కొందరిని ఇరాన్ తీసుకెళ్లారు. అక్కడ దిగాక కిడ్నాప్ చేసి, ఇంటివాళ్ల నుంచి డబ్బు గుంజారు. భారత విదేశాంగ శాఖ చెప్పిన కారణం ఇదే. ఆస్ట్రేలియా వెళ్దామని బయల్దేరిన ముగ్గురు పంజాబ్ యువకులు 2025 మేలో టెహ్రాన్‌లో దిగాక కనిపించకుండా పోయారు. జూన్‌లో అక్కడి పోలీసులు వారిని విడిపించారు.

జియారత్‌కు వెళ్లేవారికి చిక్కు ఎక్కడ?

ఇరాన్, ఇరాక్ రెండూ కలిపి ప్యాకేజీలు ఉంటాయి. ఇరాక్ వీసా చేతిలో ఉన్నా ఇరాన్‌లోకి రానివ్వరు. రెండూ వేర్వేరుగా తీసుకోవాలి. ఇరాన్ నుంచి కర్బలా వెళ్లి, మళ్లీ ఇరాన్ మీదుగానే ఇంటికి వచ్చేలా టికెట్ ఉంటే ఇంకో సంగతి చూసుకోవాలి. మీ ఇరాన్ వీసా సింగిల్ ఎంట్రీదైతే రెండోసారి లోపలికి రానివ్వదు.

ఏం చేయాలి?

• ఇరాన్ విదేశాంగ శాఖ ఈ-వీసా వెబ్‌సైట్‌లో దరఖాస్తు చేయొచ్చు. ఇరాన్ కాన్సులేట్ మన బంజారాహిల్స్‌లోనే ఉంది. అనుమానం ఉంటే అక్కడే అడగండి.

• పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు ఉండేలా చూసుకోండి.

• వీసా వచ్చాకే మిగతా డబ్బు కడతామని ఏజెంటుకు ముందే చెప్పండి. వీసా రాకపోతే ఎంత వెనక్కి ఇస్తారో కాగితం మీద రాయించుకోండి.

• "వీసా లేకుండానే పంపిస్తాం" అనే ఏజెంటును నమ్మొద్దని విదేశాంగ శాఖే హెచ్చరించింది. ఉద్యోగం పేరు చెబితే, ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో రిజిస్టరైన ఏజెంటో కాదో చూడండి. పర్యటన వీసా మీద ఉద్యోగం చేయడం కుదరదు.

• బయల్దేరే ముందు ఆ దేశంపై విదేశాంగ శాఖ ఇచ్చిన తాజా సూచనలు చదవండి. 2025 జూన్‌లో యుద్ధం వచ్చినప్పుడు ఇరాన్‌లో చిక్కుకున్న మనవాళ్లను 'ఆపరేషన్ సింధు' పేరుతో విమానాల్లో తీసుకురావాల్సి వచ్చింది.

వీసా ఉందో లేదో మొదట చూసేది టెహ్రాన్‌లో కాదు, శంషాబాద్‌లో ఎయిర్‌లైన్ కౌంటర్ దగ్గరే. అది లేకపోతే బోర్డింగ్ పాస్ ఇవ్వరు. ఏజెంటు మాట అక్కడ పనికిరాదు.